బల్బు కొత్తదే, వెలుతురు పాతదే

మామిడి సీజన్లో నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కు కాయ తోలే బండ్లలో సెకండ్‌హ్యాండ్‌వి తక్కువేం కాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాటికి రాత్రీ పగలూ పరుగే. తొలకరి పడ్డాక కొన్ని తోటలోనే ఓ పాక కింద నెలల తరబడి నిలిచిపోతాయి. మళ్లీ పూత, పిందె దాటి కోతలు మొదలయ్యే వేళకు బయటికి తీస్తే హెడ్‌లైటు గుడ్డిగా వెలుగుతుంది. ఓనరు బల్బు మారుస్తాడు. వెలుతురు మాత్రం మారదు.

ముందు లోడు సంగతి చూసుకోవాలి. వెనక బాడీ నిండా కాయ పోస్తే బండి మూతి పైకి లేస్తుంది. వెలుతురు రోడ్డు మీద పడాల్సింది కొమ్మల మీద పడుతుంది. అది వైరింగ్ తప్పు కాదు. ఖాళీ బండిని గోడ ముందు పెట్టి చూసినా లైటు పసుపుపచ్చగా, నీరసంగా ఉంటే అప్పుడు వైర్ల జోలికి వెళ్లాలి.

బల్బుకు కరెంటు వెళ్లే దారి ఉంటే చాలదు, తిరిగొచ్చే దారీ ఉండాలి. ఆ తిరుగుదారికి బ్యాటరీ దాకా వేరే వైరు లాగరు. బండి రేకే ఆ పని చేస్తుంది. బల్బు నుంచి వచ్చే వైరును దగ్గర్లోని రేకుకు బోల్టుతో బిగిస్తారు. మెకానిక్కులు ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి) అనేది దీన్నే. పాత బండిలో వాన నీళ్లు, బురద మొదట పాడుచేసేది ఆ బోల్టు కిందనే. రేకు తుప్పు పడుతుంది, రాగి ఆకుపచ్చగా చిలుము పడుతుంది.

మామూలు హెచ్4 హాలోజన్ బల్బు 12 వోల్టులు, 60/55 వాట్లు (బ్రైట్/డిమ్). డిమ్‌లో ఒక్కో బల్బు సుమారు 4.6 ఆంపియర్ల (కరెంటు ప్రవాహానికి కొలత) కరెంటు లాగుతుంది. అంత కరెంటు తుప్పు గుండా పోవాలంటే కొంత వోల్టేజీ అక్కడే వేడిగా ఖర్చైపోతుంది. బల్బుకు చేరే వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుతురు కూడా పదోవంతే తగ్గుతుందనుకుంటాం. కాదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. ఫిలమెంటు (బల్బులోని సన్నటి తీగ) వేడి కొంచెం తగ్గినా అది ఇచ్చే కాంతి చాలా ఎక్కువగా తగ్గుతుంది.

ఎర్త్ పోయిన బండి ఇంకో వింత చూపిస్తుంది. బ్రైట్ వేస్తే పక్కనున్న ఇండికేటరో పార్కింగ్ లైటో మిణుకుమంటుంది. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దొడ్డిదారిన వెళ్తోందని అర్థం. ఇది కనబడితే బల్బు కొనడానికి షాపుకు పోనక్కర్లేదు.

చాలామంది చేసే వైద్యం 100 వాట్ల బల్బు. నా దృష్టిలో ఇది రోగాన్ని పెంచే మందు. ఎదుటివాడి కళ్లు పోవడం, చట్టం ఒప్పుకోకపోవడం అటుంచితే, ఆ బల్బు 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. తుప్పు దగ్గర వేడి ఇంకా పెరుగుతుంది. ప్లాస్టిక్ హోల్డరు గోధుమరంగుకు తిరిగి, చివరికి కరుగుతుంది. బాడీలో కాయల కింద ఎండుగడ్డి పరిచి తోలే బండికి అసలే వద్దు.

మరి తప్పు ఎక్కడుందో కనిపెట్టడం ఎలా? లైటు ఆర్పి వైరుకు మల్టీమీటరు (వోల్టేజీని, వైరు తెగిందీ లేనిదీ చూసే పరికరం) పెడితే అది కుయ్యిమంటుంది, వైరు బాగుందంటుంది. నమ్మకండి. పాతిక పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు కూస్తుంది. తోటలో నీళ్ల పైపు చివర వాల్వు మూసి ఉన్నంతసేపూ ఒత్తిడి నిండుగానే ఉంటుంది. వాల్వు తిప్పాకే గొట్టం ఎక్కడ నొక్కుకుందో బయటపడుతుంది. ఇదీ అంతే, లైటు వెలుగుతుండగానే కొలవాలి.

హోల్డరును బల్బు నుంచి పీకొద్దు. ఇంజిన్ నడుస్తుండగా డిమ్ వేసి, మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది హోల్డరు వెనక ఎర్త్ పిన్నుకు తాకించండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టే. ఒక వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఎర్త్ బాగుంటే బ్యాటరీ పాజిటివ్‌కు, హోల్డరు డిమ్ పిన్నుకు మధ్య కొలవండి. అక్కడ అర వోల్టు మించితే లోపం ఫ్యూజు సాకెట్లోనో, స్విచ్చిలోనో, పాత ఓనరు టేపు చుట్టిన జాయింట్లోనో ఉంటుంది. రెండు లైట్లూ ఒకేసారి పోతే రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోటు ముందు చూడాలి. పాక కింద నిలిచిన బండికైతే ఎలుక కొరికిన చోటు కూడా వెతకాలి. గడ్డి ఉన్నచోట ఎలుక గూడు మామూలే.

ఎర్త్‌కు మందు చౌక. బోల్టు విప్పి, రేకునూ వైరు చివరి రింగునూ ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు పూయాలి. బల్బు తీసేటప్పుడు మాత్రం మామిడి సొన అంటిన చేత్తో గాజు ముట్టుకోవద్దు. మరక పడ్డచోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

తర్వాత లైటు వేసి మళ్లీ అదే కొలత తీయండి. వోల్టు దాటిన అంకె 0.1కి దిగిందా? అయితే చెడిపోయిందని పక్కన పడేసిన పాత బల్బును వెతికి పెట్టి చూడండి.