పెండ్లి పళ్లెములలో పుట్టిన వినోదవనము

వినోదవనము లనగానే మనకు తోచునవి గిరగిర తిరుగు రంగులరాట్నములు, కొండ లెక్కి దిగు చిన్న రైళ్లు, పిల్లల కేకలు, తల్లుల హెచ్చరికలు. అట్టి చోట భోజనము మాట ముందుగా నెవరికిని తట్టదు. ఆటలాడి యలసిన పిదప ఆకలి దీర్చుకొనుటకు దొరికినదేదో తిని, ఇంత సొమ్ము పోయెనే యని గొణుగుకొనుచు ఇల్లు చేరుటయే లోకమున పరిపాటి. అయినను భోజనము ముందు పుట్టి, వినోదము తరువాత పుట్టిన వన మొకటి అమెరికాదేశమున కలదు. దానికి బీజము పడినది ఒక యిల్లాలి వంటయింట. ఆ కథ మన పత్రిక చదువు సోదరీమణులకు రుచించునని తలచి యిచట వ్రాయుచున్నాము.

కాలిఫోర్నియా రాష్ట్రమున, లాస్ ఏంజిల్స్ మహానగరమునకు ఆగ్నేయముగా, బ్యూనాపార్క్ అను ఊరు కలదు. ఆ వన మచటనే యున్నది. దాని పేరు నాట్స్ బెర్రీ ఫార్మ్. అనగా నాట్ వారి బెర్రీ పండ్ల తోట. పేరులోనే దాని పుట్టుక తెలియుచున్నది. అది మొదట నిజముగా తోటయే.

వాల్టరు నాట్, ఆయన భార్య కార్డీలియా అను దంపతులు 1920వ సంవత్సరమున ఆ యూరికి వచ్చి 20 ఎకరముల నేల కౌలునకు తీసికొని బెర్రీలు పండింప నారంభించిరి. అంతకుముందు వారు ఎడారి భూమిలో సేద్యము చేసి చాల కష్టముల పాలైనవారు. వారికి నలుగురు సంతానము. పండిన పండ్లను రాజమార్గము ప్రక్కన చిన్న పందిరి వేసి అమ్ముచుండిరి. మోటారుబండ్లలో సముద్రతీరమునకు పోవువారు ఆగి కొనిపోవుచుండిరి. 1928లో పందిరికి బదులు ఒక చిన్న కట్టడము లేచినది. అందొక భాగమున కార్డీలియా తేనీటిశాల నడుపుచు, వేడి రొట్టెలును, తోటపండ్లతో చేసిన జామును, పై అను పిండివంటయు బాటసారులకు వడ్డించుచుండెను. పై యనగా, మన కజ్జికాయ వలె పిండిలో తీపి నింపి చేయునదియే. కాని దానిని నూనెలో వేపక, వెడల్పు పళ్లెములో పరచి పొయ్యిలో కాల్చుదురు.

ఆ తోటకు కీర్తి తెచ్చిన పండు బాయ్‌సెన్‌బెర్రీ. దీనికొక వింత చరిత్ర కలదు. రుడాల్ఫ్ బాయ్‌సెన్ అను నాయన కొన్ని జాతుల బెర్రీలను కలిపి ఒక క్రొత్త తీగను పుట్టించెను. కాని అది తనకు లాభింపకపోగా విడిచిపెట్టెను. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన జార్జి డారో అను శాస్త్రజ్ఞుడు ఈ సంగతి విని వాల్టరును వెంటబెట్టుకొని ఆ తీగలను వెదకుచు పోయెను. పాత పొలమున, కలుపు మొక్కల నడుమ, ఎండిపోవుచున్న కొలది తీగలు మాత్రమే కనబడెను. వాల్టరు వానిని తన తోటకు తెచ్చి నీరు పోసి బ్రతికించెను. ఊదాయెరుపు రంగు గల పెద్ద పండ్లు కాచెను. తానే అమ్మి లాభము పొందుచున్నను, వాల్టరు ఆ పండునకు తన పేరు పెట్టక, పుట్టించినవాని పేరే పెట్టెను. ఈ యొక్క గుణముచేతనే ఆ యింటివారు ఎట్టివారో మనము గ్రహింపవచ్చును. ఆ పండు మిక్కిలి సుకుమారమైనది. కోసిన కొలదిదినములకే చెడిపోవును. అందుచేత దానిని జాముగా కాచియో, పైలో నింపియో నిలుపుకొనుట వంటయింటి పని యైనది.

1929లో మొదలైన ఆర్థికమాంద్యము ఆ దేశమున లక్షలాది సంసారములను కుదిపివేసెను. పండ్లమీది రాబడి చాలని ఆ దినములలో, 1934 జూన్ మాసమున ఒకనాటి సాయంకాలము, కార్డీలియా తన తేనీటిశాలలో తొలిసారిగా పూర్తి భోజనము పెట్టెను. వేపిన కోడిమాంసము, ఉడికించి మెదిపిన బంగాళదుంపలు, వానిపై పాలతో కాచిన చిక్కని రసము, కూరగాయలు, వేడి బిస్కట్లు, జాము, చివరకు బెర్రీ పై. అచట బిస్కట్టనునది మనము తేనీటిలో ముంచుకొని తినునది గాదు; అప్పుడే కాల్చిన మెత్తని చిన్న రొట్టె. ఆనాడు అమ్ముడైన భోజనములు ఎనిమిది. ఒక్కొక్కదాని వెల 65 సెంట్లు. మొత్తము 5 డాలర్ల 20 సెంట్లు.

ఆ యెనిమిది భోజనములును ఆమె వడ్డించినది తన పెండ్లినాటి పింగాణీ పళ్లెములలో!

సోదరీమణులారా, ఈ మాట యొద్ద మనము కొంచెము నిలువవలెను. ప్రతి గృహిణికిని పెండ్లినాటి పాత్రలు కొన్ని యుండును. అవి అటకమీదనో పెట్టెలోనో యుండును. పండుగకును పెద్దచుట్టములకును మాత్రమే బయటకు వచ్చును. అట్టి పళ్లెములను, ఎన్నడును చూచి యెరుగని బాటసారుల ముందు పెట్టుటకు మన మెంతమంది మొప్పుకొందుము? పగిలిపోవునన్న భయ మొకటి. అంగడికి వచ్చినవారి కింత మర్యాద యేల యన్న తలం పొకటి. కార్డీలియా యా రెంటిని ప్రక్కకు నెట్టినది. చుట్టమునకు పెట్టు పళ్లెమునే వెల యిచ్చినవానికిని పెట్టినది. ఆ భోజనశాల రహస్య మంతయు ఇందే యున్నదని మా నమ్మకము.

ఇల్లు నడుపు నేర్పు కూడ ఇందు కలదు. వచ్చినవారికెల్ల ఒకే విధమైన భోజనము. కావున ఏది యెంత కావలెనో ముందే తెలియును. వండినది మిగిలి పారవేయు పని లేదు. పండ్లు సొంత తోటవి. జాము సొంతముగా కాచినది. వడ్డించువారు చాలవరకు ఇంటిపిల్లలు. ఇవన్నియు మన అమ్మమ్మల నాటినుండి వంటయిండ్లలో నున్న పొదుపు సూత్రములే. ఆమె క్రొత్తగా కనిపెట్టినది లేదు. ఉన్నదానిని తప్పక ఆచరించినది.

ఆ భోజనపు కీర్తి త్వరలోనే ప్రాకెను. ఆదివారములందు జనులు గంటలకొలది వరుసలో నిలువవలసి వచ్చెను. ఆకలిగొన్నవారిని, అందును పిల్లలతో వచ్చినవారిని, ఊరక నిలువబెట్టుట మర్యాద కాదని వాల్టరు వారికి కాలక్షేపము కల్పింప మొదలిడెను. రాళ్లతో తీర్చిన చిన్న తోట, పాటలు పాడు పెట్టెలు, పొగ గ్రక్కు బొమ్మ అగ్నిపర్వతము మొదలగునవి లేచెను. కుమార్తె వర్జీనియా ఒక చిన్న బల్లమీద కానుకవస్తువులు పెట్టి అమ్మసాగెను. 1940లో వాల్టరు పాడుపడిన పాతకాలపు గనుల ఊళ్లనుండి కట్టడములను తెచ్చి ఘోస్ట్ టౌన్ అను పాతయూరి నొకదానిని నిలుప నారంభించెను. ఇట్లు వరుసలో నిలిచినవారి విసుగు తీర్చుటకు పుట్టినవే క్రమముగా పెరిగి పెద్ద వినోదవన మైనవి. 1968లో గాని చుట్టును కంచె వేసి ప్రవేశరుసుము పుచ్చుకొనలేదు. అంతవరకు ఎవరైనను ఉచితముగా వచ్చి చూచి పోవచ్చునట!

దీనికి కొలదిమైళ్ల దూరముననే, అనహైమ్ పట్టణమున, జగద్విఖ్యాతమైన డిస్నీలాండ్ 1955 జూలై 17వ తేదీన తెరువబడెను. అది మహా వైభవముతో మొదలైనది. కాని ఆ తొలినాడు అనుకొన్నదానికన్న మిక్కిలి యెక్కువ జనము రాగా, ఎండలో తినుబండారములు చాలక, త్రాగునీటి కుళాయిలు చాలక జనులు అల్లాడిరి. తరువాత ఆ లోపములన్నియు సవరించుకొనిరి. ఈ రెండు కథలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో, ఒకచోట ఆటను ముందు తలచి అన్నమును పిదప తలచిరనియు, రెండవచోట అన్నమే ముందు తలచిరనియు తెలియగలదు.

ఇక నొక చిక్కు ప్రశ్న. అన్నవిక్రయము దోషమని మన పెద్దలు చెప్పిరి. ఆకలితో వచ్చినవాని యొద్ద వెల పుచ్చుకొనరాదన్నది గొప్ప ధర్మమే. దాని నాక్షేపించువారము మేము గాము. కాని ఆ ధర్మము నాధారముగా చేసికొని మన సంఘము పూటకూళ్ల యిల్లు నడిపి బ్రతికిన స్త్రీలను చులకన చేసినది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ యున్నది. ఆమె చేసెడు వృత్తియే యామె పేరు. దిక్కులేని స్త్రీ తన చేతివంటతో నలుగురి కడుపులు నింపి, తన కడుపు తాను నింపుకొనుటలో దోష మెక్కడిది? ఆమె వంట తిన్నవారే యామెను ఎగతాళి చేయుట దోషము కాదా? దానము చేయగలవారు దానము చేయుదురు గాక. చేయలేనివారు న్యాయమైన వెలకు శుచియైన భోజనము పెట్టినచో అదియు అన్నపూర్ణ సేవయే యని మేము తలంతుము. వెల పుచ్చుకొన్నను మర్యాద తగ్గింపకుండుటయే యిందలి ధర్మము.

ఇప్పుడు అచటికి పోవువారికి ఉపయోగించు సంగతులు కొన్ని. కాలిఫోర్నియాలో మన తెలుగువారు అనేకులు కాపురము లున్నారు. పిల్లలను చూడబోవు తలిదండ్రులు ఇట్టి వనములకు పోవుట కలదు. మిసెస్ నాట్స్ చికెన్ డిన్నర్ రెస్టారెంట్ నేటికిని నడచుచున్నది. అది వనద్వారమునకు వెలుపల, అంగళ్ల వరుసలో నున్నది. కావున వనమునకు టిక్కెట్టు కొనకయే అచట భోజనము చేయవచ్చును. ఆటలమీద ఆసక్తి లేని ముసలివారికి ఇది మంచి సౌకర్యము. నేటికిని ప్రధాన భోజనము ఆ కోడివేపుడు, బిస్కట్లు, బెర్రీ పై. మాంసాహారులు ఆ కథ తలచుకొని తినవచ్చును.

శాకాహారులు మాత్రము కొంత జాగ్రత్త వహింపవలెను. ఆ దేశమున ఉడికించిన కూరగాయలలో సైతము పందిమాంసపు ముక్కలు కలుపు ఆచారము కలదు. పై మీది పిండిలో జంతువుల కొవ్వు వాడుటయు పాత పద్ధతి. కావున వడ్డించువారిని మొగమాటము లేక ముందే యడిగి తెలిసికొనుట మేలు. అడిగినచో తప్పుపట్టుకొనరు. మాకు చూడగా శాకాహారులకు సులభమైన భాగ్యము ఆ బాయ్‌సెన్‌బెర్రీ పండే. జాము సీసాలు అంగళ్లలో దొరకును. తీపియు పులుపును సమపాళ్లుగా నుండును. వనము లోపల ఫన్నెల్ కేక్ అను తినుబండారము ప్రసిద్ధము. జారుడు పిండిని గరాటునుండి కాగిన నూనెలో సన్నధారగా తిప్పుచు పోసి వేపుదురు. చూచుటకు మన జాంగ్రీకి దూరపు చుట్టమువలె నుండును. దానిపై బెర్రీ పాకము పోసి యిత్తురు. 2014 మొదలుగా వసంతకాలమున బాయ్‌సెన్‌బెర్రీ ఉత్సవము జరుపుచున్నారు. ఆ దినములలో ఆ పండుతో చేసిన తీపి, పులుపు, కారపు వంటకములు నానావిధములు కనబడును.

కార్డీలియా 1974లోను, వాల్టరు 1981లోను కాలధర్మము చెందిరి. జాముల వ్యాపారమును 1995లో, వనమును 1997లో కుటుంబమువారు అన్యసంస్థల కమ్మివేసిరి. వనము నేలు సంస్థ 2024లో సిక్స్ ఫ్లాగ్స్ అను మరియొక సంస్థతో కలిసిపోయెను. యజమానులు మారిరి, ఆటలు మారినవి, వెలలును పెరిగినవి. భోజనశాల పేరుమాత్రము మారలేదు. కార్డీలియా యన్న ఆమె సొంత పేరు ఆ బోర్డుమీద లేదు. మిసెస్ నాట్ అనియే యున్నది. అయినను ఆ బోర్డు చదివినవారు ఈ వనమునకు మూలము వాల్టరు పాతయూరు గాదనియు, ఒక యిల్లాలి పొయ్యి యనియు తెలిసికొనుచున్నారు.

మనలో వంట నేర్పుగలవారును, అక్కరగలవారును చాలమంది కలరు. పచ్చళ్లు పెట్టియో, అప్పడములు వత్తియో, నలుగురికి పూటభోజనము పెట్టియో సంసారమునకు తోడ్పడ దలచినవారిని చుట్టములే, “ఇంటి పరువు పోవును” అని అడ్డగించుట నేటికిని వినుచున్నాము. అట్టివారికి ఈ యెనిమిది భోజనముల కథ చెప్పుడు. పరువు పోవునది వెల పుచ్చుకొన్నందున గాదు, పాచియన్నము పెట్టినందున. మొదలిడుటకు పెద్ద మూలధన మక్కరలేదు; అటకమీది పళ్లెములు దింపిన చాలును.