ఒకే మాటకు మూడు స్పెల్లింగులు: స్కాట్స్ భాషతో కంప్యూటర్ కుస్తీ

స్కాట్స్ భాషలో ‘మంచి’ అనడానికి ఒక మాట ఉంది. దాన్ని ఒకరు జీ-యూ-ఐ-డీ అని రాస్తారు, మరొకరు జీ-యూ-డీ-ఈ అని, ఇంకొకరు జీ-ఐ-డీ అని. ఇంగ్లిష్ ‘గుడ్’కు ఇది తోబుట్టువు. ఆ భాష తెలిసినవారికి మూడూ ఒకటేనని చూడగానే అర్థమవుతుంది. కంప్యూటర్‌కు మాత్రం అవి మూడు వేర్వేరు మాటలు. ఒక స్పెల్లింగుతో వెతికితే, మిగతా రెండింటినీ వాడిన రచనలు తెర మీదికి రానే రావు.

ఈ గందరగోళం ఎందుకొచ్చింది?

స్కాట్స్, ఇంగ్లిష్ రెండూ ప్రాచీన ఇంగ్లిష్ నుంచి పుట్టినవే. ఒకప్పుడు స్కాట్లాండ్‌లో చట్టాలూ దస్తావేజులూ స్కాట్స్‌లోనే రాసేవారు. 1603లో స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కి లండన్‌కు మకాం మార్చాడు. 1707లో రెండు పార్లమెంట్లూ ఒకటయ్యాయి. కాలక్రమంలో కార్యాలయాలూ బడులూ ఇంగ్లిష్ వశమయ్యాయి. స్కాట్స్ ఇళ్లలో, పాటల్లో, కవిత్వంలో మిగిలింది. అందరూ ఒప్పుకొన్న ఒకే స్పెల్లింగు స్థిరపడలేదు. ఎవరి ప్రాంతంలో ఎలా పలికితే అలా రాసుకున్నారు.

మొదటి ఉపాయం: తేడాలు లెక్కపెట్టడం

ఒక మాటను మరో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి? ఆ సంఖ్యనే ‘లెవెన్‌స్టైన్ దూరం’ అంటారు. జీ-యూ-ఐ-డీ నుంచి జీ-యూ-డీ-ఈకి దూరం 2. అదే మాటలో మొదటి అక్షరాన్ని మార్చి ‘క్యూ’ పెడితే ‘క్విడ్’ వస్తుంది. బ్రిటన్ వాడుకలో క్విడ్ అంటే పౌండు. దూరం 1 మాత్రమే. అంటే ఈ లెక్క ప్రకారం ‘మంచి’కి సొంత రూపం కన్నా డబ్బే దగ్గరి చుట్టం!

రెండో ఉపాయం: ధ్వనిని బట్టి కోడ్

1918లో అమెరికాలో పేటెంట్ పొందిన సౌండెక్స్ పద్ధతి పేర్లను పోల్చడానికి పుట్టింది. మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలేసి, ఒకేలా పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. మన ‘లక్ష్మి’ పేరును ఇంగ్లిష్‌లో ‘కేఎస్‌హెచ్’తో రాసినా ‘ఎక్స్’తో రాసినా కోడ్ ఒకటే వస్తుంది. కానీ ‘విజయ్’, దాని బెంగాలీ రూపం ‘బిజోయ్’ మాత్రం కలవవు, మొదటి అక్షరమే వేరు కాబట్టి. స్కాట్స్‌లోనూ ఇదే చిక్కు. ‘ఎవరు’ అనే మాటను పాత రాతల్లో క్యూ-యూ-హెచ్-ఏ అని, తర్వాత డబ్ల్యూ-హెచ్-ఏ అని రాశారు. సౌండెక్స్ ఈ రెంటినీ విడగొడుతుంది. మరోవైపు ‘మంచి’ని ‘దేవుడు’, ‘మేక’ అనే అర్థాలున్న ఇంగ్లిష్ మాటలతో కలిపేస్తుంది.

భాష తెలిసిన నియమాలు

అందుకే అన్ని మార్పులకూ ఒకే ధర కట్టకూడదు. పాత స్కాట్స్‌లోని ‘క్యూయూహెచ్’ తర్వాతి ‘డబ్ల్యూహెచ్’తో సమానమని ముందే చెబితే ఆ మార్పుకు దాదాపు ధర ఉండదు. ‘జీ’ని ‘క్యూ’గా మార్చడానికి మాత్రం భారీ ధర. ఈ నియమాలకు ఆధారం నిఘంటువే. 2004లో ఆన్‌లైన్‌లోకి వచ్చిన స్కాట్స్ భాషా నిఘంటువు మాటలతో పాటు వాటి స్పెల్లింగు రూపాలనూ ఇస్తుంది. పాత ఇంగ్లిష్ రచనల కోసం లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘వార్డ్’ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఇలా అనేక పద్ధతులను కలిపి వాడుతుంది. సరిపోయే రూపాలను సూచించి, మనిషి నిర్ణయాల నుంచి నేర్చుకుంటుంది.

అయినా ఒక గండం మిగులుతుంది. స్కాట్స్‌లో ‘దారి’, ‘మేక’ అనే రెండు మాటలకు ఒకే స్పెల్లింగు రావచ్చు. పక్కన కొమ్ములున్నాయా, ఊరి పేరు ఉందా అని వాక్యం చూస్తే తప్ప తేలదు.

తప్పు కలిపితే?

అన్ని రూపాలనూ ఒకే స్పెల్లింగులోకి దిద్దేస్తే వెతకడం సులువే. కానీ రాసిన మనిషి ఏ ప్రాంతం వాడో, ఏ కాలం వాడో చెప్పే ఆనవాలు చెరిగిపోతుంది. అందుకే అసలు రూపాన్ని అలాగే ఉంచి, ప్రామాణిక రూపాన్ని పక్కన గుర్తుగా చేర్చడం మంచి పద్ధతి.

యంత్రానికి ఏ రాతలు చూపిస్తున్నామన్నదీ ముఖ్యమే. స్కాట్స్ వికీపీడియాలో వేలాది వ్యాసాలను ఆ భాష సరిగా రాని ఒక అమెరికన్ కుర్రాడు రాశాడని 2020 ఆగస్టులో బయటపడింది. అలాంటి రాతల నుంచి నేర్చుకున్న కంప్యూటర్‌కు లేని స్పెల్లింగు కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

2011 జనగణనలో 15 లక్షల మందికి పైగా స్కాట్స్ మాట్లాడతామని చెప్పారు. 2025లో స్కాట్లాండ్ పార్లమెంటు ఆమోదించిన చట్టం గేలిక్‌తో పాటు స్కాట్స్‌కూ అధికారిక హోదా ఇచ్చింది. ఇక బడి పిల్లలు తమ ఇంట్లో పలికినట్టే ఒక మాటను టైప్ చేస్తే, కంప్యూటర్ దాన్ని ఇంగ్లిష్ తప్పుగా భావించి ఎర్రగీత పెడుతుందా, స్కాట్స్ మాటగా గుర్తిస్తుందా అన్నది ఈ లెక్కల మీదే ఆధారపడి ఉంది.