తాంబూలం లెక్క, కుంపటి లెక్క

ఫ్రెంచి నవలా రచయిత ఎమిల్ జోలా 1902 సెప్టెంబరు 29న పారిస్‌లో తన ఇంట్లోనే మరణించాడు. ముందు రాత్రి పడకగదిలో చలికి బొగ్గునిప్పు వేశారు. కిటికీలు మూసి ఉన్నాయి, పొగగొట్టం పూడుకుపోయింది. తెల్లవారేసరికి జోలా నేలమీద పడి ఉన్నాడు. అదే గదిలో ఉన్న భార్య మాత్రం చావు తప్పి బయటపడింది.

ఆ గదిలో బొగ్గుకు లోటు లేదు. లోటు వచ్చింది నిప్పుకు ఆడే గాలికి. ఈ సంగతి బోధపడాలంటే పేరంటపు తాంబూలాలతో మొదలుపెట్టాలి.

తాంబూలానికి రెండు ఆకులు, ఒక వక్క చొప్పున పెడతామనుకోండి. పళ్లెంలో 60 ఆకులు, 40 వక్కలు ఉన్నాయి. ఎన్ని తాంబూలాలవుతాయి? ముప్ఫయ్యే! పది వక్కలు మిగిలిపోతాయి. చూడబోతే ఆకులే ఎక్కువ. అయినా ముందు అయిపోయేవి అవే. పళ్లెంలో ఎంత ఉన్నదని కాదు, ఒక్కొక్క తాంబూలానికి ఎంత కావాలని చూడాలి. రసాయనశాస్త్రం వేసే లెక్కా ఇదే. ముందు అయిపోయి పనిని ఆపేసేదాన్ని పరిమిత క్రియాజనకమనీ, మిగిలిపోయేదాన్ని అధిక క్రియాజనకమనీ అంటారు.

ఇక బొగ్గు సంగతి. 12 గ్రాముల కర్బనం పూర్తిగా మండాలంటే 32 గ్రాముల ప్రాణవాయువు కావాలి. అప్పుడు 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. దొరికింది 24 గ్రాములేననుకోండి. కర్బనానికి రెట్టింపు ఉన్నా, ఇంకా 8 గ్రాములు తక్కువే.

మిగిలిన వక్క పళ్లెంలో ఊరికే పడి ఉంటుంది. కర్బనం అలా ఊరుకోదు. చాలని ప్రాణవాయువునే పంచుకుని, 12కు 16 చొప్పున కలిసి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

గదిలో గాలి అంతా అయిపోతేనే ప్రమాదమనుకోకండి. కుంపటిలో బొగ్గుల నడుమకు గాలి సరిగా చొరదు. గది నిండా గాలి ఉన్నా అక్కడ లోటే. అందుచేత చలికాలంలో గానీ, బాలింత గదిలో గానీ కుంపటి పెట్టి తలుపులు బిగించడం ప్రాణాపాయం. తలనొప్పి, తలతిరుగుడు, వికారం తోస్తే మనిషిని వెంటనే ఆరుబయటికి చేర్చి, డాక్టరుకు చూపించాలి.

ఆకులు చాలకపోతే బజారు నుంచి తెప్పించుకోవచ్చు. నిద్రపోయేవాడికి గాలి చాలలేదని తెలియనే తెలియదు. కుంపటికి తగిన చోటు ఆరుబయలే.