ఉకులేలెపై సరిగమలు

మా కొండాపూరులో ఒక యింటి పిల్లవాడు ఈ మధ్య నాలుగు తీగల చిన్న వాద్యము నొకదానిని తెచ్చుకొనెను. గిటారునకు తమ్మునివలె కనబడు దీని పేరు ఉకులేలె. వెంట వచ్చిన చిన్న పుస్తకమును చూచి అతడు రెండు దినములలో ఏడు స్వరములను వాయించెను. నాయనమ్మ విని, “స్వరములు వచ్చినవి గాని, నేను నేర్చిన సరిగమ ఇది కాదురా” అనెను. రేడియోలో సంగీతపాఠములు విని నేర్చిన చెవి ఆమెది. తగవు మా వద్దకు వచ్చినది. ఇరువురి మాటయు సరియే యని చెప్పవలసివచ్చినది.

పుస్తకములోని స్వరవరుస పాశ్చాత్యుల తొలిపాఠము. అది మన 29వ మేళమైన ధీరశంకరాభరణమునకు సమానము. మన తొలిపాఠమో, పురందరదాసులు ఏర్పరచిరని సంప్రదాయము చెప్పు మాయామాళవగౌళ, 15వ మేళము. రెంటికిని భేదము రెండు స్వరములలోనే. మాయామాళవగౌళలో రిషభ ధైవతములు ఒక్కొక్క మెట్టు క్రిందుగా నుండును.

వాద్యమును ఎదకు ఆనించి పట్టుకొన్నపుడు, ఒకటవ శ్రుతిలో, పైనుండి క్రిందికి నాలుగు తీగలును వరుసగా పంచమము, షడ్జమము, గాంధారము, ధైవతము పలుకును. రెండవ తీగను ఊరక మీటిన స. దాని మొదటి మెట్టుపై చూపుడువ్రేలు నొక్కిన రి. మూడవ తీగను ఊరక మీటిన గ. మొదటి మెట్టు మ, మూడవ మెట్టుపై ఉంగరపువ్రేలు ప, నాలుగవ మెట్టుపై చిటికెనవ్రేలు ద. క్రింది తీగ రెండవ మెట్టుపై నడిమివ్రేలు ని, మూడవ మెట్టుపై ఉంగరపువ్రేలు పై స. చేయి కదలింప పనిలేదు. పుస్తకపు వరుస కావలెనన్న రి, ద లను ఒక్కొక్క మెట్టు ముందునకు జరిపిన చాలును. ఆ ధైవతము క్రింది తీగను ఊరక మీటినను వచ్చును.

అన్నిటికంటె పైనున్న తీగ మందముగా నుండి మంద్రముగా పలుకునని ఎవరైనను తలతురు. అది సన్ననిది, ప్రక్క తీగకంటె హెచ్చుగా పలుకును. గిటారు నేర్చినవారికి ఇది వింత. మనకు మాత్రము లాభము: పై రెండు తీగలను కలిపి మీటిన ప, స లు మ్రోగి తంబురా లేని యింట శ్రుతిగా పనికివచ్చును.

ఈ వాద్యపు పుట్టుక కూలిజనముతో ముడిపడినది. 1879లో మదీరా ద్వీపమునుండి చెరకుతోటల పనికై హవాయి చేరిన పోర్చుగీసువారు తమ చిన్న గిటారును వెంట తీసికొనిపోయిరి. దాని సంతతియే ఉకులేలె. శాతవాహనుల నాటి మా ఊరి దిబ్బలలో రోమను నాణెములు దొరకినవి గనుక దూరపు వస్తువు మాకు కొత్తయు కాదు.

అయినను నాయనమ్మ సందేహము మరొకటి మిగిలినది: గమకమెట్లు? ఈ ప్రశ్నపైననే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును ప్రసారములనుండి తొలగించెను. 1971లో ఆ నిషేధము సడలినది. మెట్లున్నంత మాత్రమున గమకము పోదు. వీణకును మెట్లు కలవు. తీగను ప్రక్కకు లాగి గమకము పుట్టింతురు. ఉకులేలె నైలాను తీగ అంతగా లొంగదు, నాదమును త్వరగా ఆరిపోవును. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగలను విడిచి, అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌పై గమకములను సాధించెను. మామూలు ఉకులేలెపై అంత ఆశింపరాదు. సరళీ స్వరములు, జంట వరుసలు, చిన్న గీతములు హాయిగా పలుకును.

కొత్త తీగలు కొన్నాళ్లు సాగి శ్రుతి దిగజారుచుండును. ప్రతి పాఠమునకు ముందు సరిచూచుకొనవలెను. ఆ యింట ఆ పని నాయనమ్మదే. ఆమె తల ఊపినగాని పిల్లవాడు స అని మీటడు.