దీపాల వెనుక సంకేతలిపి

సంధ్య వాలిన తరువాత నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సాగే జాతీయ రహదారి దీపాల వరుసగా మారుతుంది. సుమారు 40 కిలోమీటర్ల ఈ దారిలో లారీలు, బస్సులు, కార్లతో పాటు ధాన్యం, పత్తి మోసే ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనాలు, పాదచారులు కూడా కనిపిస్తారు. వాహనానికి దీపమే కన్ను. అది నడిపేవానికి దారి చూపుతుంది. వాహనం ఉనికిని ఇతరులకు తెలుపుతుంది. ఈ రెండు ప్రయోజనాలలో ఏది లోపించినా ప్రమాదమే. నేటి కార్లలో ఈ దీపాల నడవడిని నిర్ణయించే అధికారం ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెకు దక్కింది.

పూర్వపు కార్లలో ఏర్పాటు సరళంగా ఉండేది. స్విచ్చి వేయగానే బ్యాటరీ నుండి విద్యుత్తు తీగ వెంట ప్రవహించి బల్బును వెలిగించేది. సౌకర్యాలు పెరిగిన కొద్దీ తీగలూ పెరిగి, కారు లోపల ఒక మోపుగా తయారయ్యాయి. ఈ చిక్కును తగ్గించడానికి జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో ‘క్యాన్’ అనే సమాచార వ్యవస్థను ప్రకటించింది. ఇందులో ఒకదానితో ఒకటి మెలివేసిన రెండు తీగల మీదుగానే అనేక పరికరాలు పరస్పరం సందేశాలు పంపుకొంటాయి. ఈ పద్ధతిలో స్విచ్చి పంపేది ఒక విన్నపం మాత్రమే. దానిని ‘బాడీ కంట్రోల్ మాడ్యూల్’ అనే పెట్టె అందుకొంటుంది. తాళం తిప్పి ఉన్నదా, బయట చీకటి పడినదా అని పరిశీలించి, ఏ దీపానికి ఎంత విద్యుత్తు ఇవ్వాలో నిర్ణయిస్తుంది.

తయారీదారులు ఒకే రకమైన మాడ్యూల్‌ను పలు దేశాలకు, పలు నమూనాలకు వాడుతుంటారు. ఏ కారులో ఏ సౌకర్యం పనిచేయాలో అందులోని సంకేతాలు చెబుతాయి. సంకేతంలో అతి చిన్న భాగం ‘బిట్’. దానికి 0, 1 అనే రెండే విలువలు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక ‘బైట్’. ఒక బిట్ 0గా ఉన్నప్పుడు పగటి దీపాలు ఆరి ఉంటే, అది 1 కాగానే వెలుగుతాయి. స్టీరింగు సమీపంలో ఉండే సాకెట్టుకు తగిన పరికరాన్ని తగిలించి ఈ విలువలను మార్చడాన్ని ‘కోడింగ్’ అంటారు. ప్రోగ్రాములో ముందే పొందుపరచిన వికల్పాలలో ఒకదానిని ఎంచుకోవడమే ఇందులోని పని.

ఈ ఎంపిక వలన ఎన్నో మేళ్లు ఉన్నాయి. కారు దిగినవారు ఇంటి గుమ్మం చేరే వరకు హెడ్‌లైట్లు వెలిగి ఉండేట్లు చేయవచ్చు. మీటను ఒక్కసారి తాకితే మలుపు సూచిక మూడు సార్లు మిణుకుమనేట్లు అమర్చవచ్చు. పగటి దీపాల కాంతిని హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. పగటి దీపాలు అలంకారానికి పుట్టినవి కావు. స్వీడన్ దేశం 1977లోనే పగలు కూడా దీపాలు వెలిగించాలని నిబంధన విధించింది. భారతదేశంలో 2017 ఏప్రిల్ 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజనుతో పాటే హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది.

అయితే కోడింగ్‌కు ఒక హద్దు ఉంది. దీపం ఎప్పుడు వెలగాలో, ఎంతగా వెలగాలో అది మార్చగలదు. కాంతి ఎటు పడాలన్నది సాధారణ కార్లలో రిఫ్లెక్టరు, గాజు ఆకృతులను బట్టి ఉంటుంది. హాలోజన్ బల్బు కోసం మలచిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బును బిగిస్తే కాంతి చెదరి ఎదుటివారి కళ్లలో పడవచ్చు. అది తక్కువ విద్యుత్తు వాడుతుంది కనుక, బల్బు చెడిపోయిందని మాడ్యూల్ భ్రమపడి హెచ్చరిస్తుంది. కోడింగ్‌తో ఆ హెచ్చరికను అణచివేస్తే చెదరిన కాంతి చక్కబడదు. పైగా రేపు బల్బు నిజంగా ఆరిపోయినా తెలియదు.

మిరుమిట్లు గొలిపే కాంతి తాకిన కన్ను తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం మూడు సెకన్లలో 50 మీటర్లు సాగిపోతుంది. ఆళ్లగడ్డ నుండి అహోబిలం పోయే దారిలో, ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు నడిచి వెళ్లే భక్తుడు ఆ 50 మీటర్లలో ఉంటే అతని ప్రాణానికి ఎవరు పూచీ?

ఆళ్లగడ్డ శిలాశిల్పులకు పేరు పొందిన ఊరు. చెక్కిన రాయి మళ్లీ అతుక్కోదు కనుక శిల్పి ముందుగా గీతలు గీసి, సరిచూసుకొని ఉలి ఆనిస్తాడు. కోడింగ్‌లో పాత విలువను రాసి పెట్టుకొంటే సాధారణంగా పూర్వస్థితికి తేవచ్చు. కాని రాసి పెట్టుకోనివారికి ఆ వెసులుబాటు ఉండదు. ఒకసారి ఒక్క విలువనే మార్చి ఫలితం చూడాలి. పని మధ్యలో విద్యుత్తు తగ్గితే మాడ్యూల్ దెబ్బతినవచ్చు కనుక బ్యాటరీ నిండుగా ఉండాలి.

చట్టమూ ఇక్కడ హద్దు గీసింది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీనినే నొక్కి చెప్పింది. తయారీదారు ఇచ్చే హామీ పత్రంలోని షరతులను కూడా ముందే చదువుకోవాలి.

కోడింగ్ ముగిసిన తరువాత చేయవలసిన పరీక్ష ఒకటి మిగిలి ఉంటుంది. రాత్రివేళ కారును నిలిపి, కొంత దూరం నడిచి, వెనుదిరిగి దాని దీపాలను చూడాలి. అప్పుడు కన్ను జిగేలుమంటే, మార్చిన విలువను మళ్లీ యథాస్థానంలో ఉంచడమే వివేకం.