కడలి యడుగునఁ జమురు జాడ

కుండను గొనునపుడు వ్రేలితోఁ గొట్టి, మ్రోఁతనుబట్టి దాని మంచిచెడ్డల నెఱుంగుట మనకుఁ గ్రొత్త గాదు. కడలి యడుగునఁ జమురు వెదకుటయు నిట్టిదే. ఓడవారు మిక్కిలి యొత్తిడిలో నుంచిన గాలిని నీటిలోనికిఁ దటాలున విడుతురు. ఆ ధ్వని సముద్రతలమును జొచ్చి, రాతిపొరలకుఁ దాఁకి మరలివచ్చును. ఓడ వెనుక నీడ్చుకొనిపోవు పొడవైన తీఁగెలలోని యంత్రములు దానిని గ్రహించును. మరలుటకుఁ బట్టిన కాలమును గణించి పొరల పటమును వ్రాయుదురు.

అయినను పటము పాత్ర యాకారమునే చూపును. లోన నున్నది చమురో నీరో త్రవ్వినఁగాని నిశ్చయముగాఁ దేలదు. 1964-67 నడుమ సోవియట్ నౌక జరిపిన యన్వేషణమున బొంబాయి పడమటి కడలిలో నుబ్బెత్తు శిలలు గోచరించెను. 1974లో ‘సాగర్ సమ్రాట్’ త్రవ్వఁగా చమురు లభించెను. ఆ క్షేత్రపు వాయువునుండి ఉరాన్‌లోఁ దీయు వంటవాయువు నేఁడు గృహిణుల పొయ్యిలను వెలిగించుచున్నది.