జర్మన్ వ్యక్తినామములు

జర్మన్ భాష మాట్లాడు ప్రజలు తమ పిల్లలకు పెట్టుకొను పేర్లను జర్మన్ వ్యక్తినామములు అందురు. వీటిలో ప్రాచీన జర్మానిక్ పదములతో ఏర్పడినవి కొన్ని. క్రైస్తవ మతముతో పాటు హీబ్రూ, గ్రీకు, లాటిన్ భాషలనుండి వచ్చి చేరినవి మరికొన్ని. నేడు పసిపిల్లలకు ఎక్కువగా పెట్టుచున్నవి రెండవ తరగతికి చెందిన పేర్లే.

ప్రాచీన నామములు

పాత జర్మన్ పేర్లు చాలావరకు మన సమాసములవలె రెండు పదముల కలయికలు. ఫ్రీడ్రిఖ్ అను పేరులో "శాంతి", "పాలకుడు" అను పదములు, విల్‌హెల్మ్‌లో "సంకల్పము", "శిరస్త్రాణము", గెర్‌ట్రూడ్‌లో "బల్లెము", "బలము" ఉన్నవి. లుడ్విగ్ అనగా "ప్రసిద్ధి", "యుద్ధము". ఇందులోని మొదటి పదమునకు సంస్కృతములోని "శ్రుత" శబ్దము సోదర పదము. రామాయణములోని శ్రుతకీర్తి పేరులో ఉన్నది ఆ శబ్దమే.

అయితే ఈ సమాసములన్నింటికీ విగ్రహవాక్యము చెప్పబూనుట వృథాశ్రమ. పెద్దల పేరులోని ఒక భాగమును పిల్లల పేరులో నిలుపుటయే ఆనాటి వారికి ముఖ్యము. 9వ శతాబ్దపు వ్రాతప్రతిలో లభించిన హిల్డెబ్రాండ్ గాథలో తాత హెరిబ్రాండ్, తండ్రి హిల్డెబ్రాండ్, కుమారుడు హాడుబ్రాండ్. "హెరి" అనగా సైన్యము; "హిల్డె", "హాడు" రెండింటికీ యుద్ధమనియే అర్థము.

బైబిలు, పుణ్యపురుషుల నామములు

మధ్యయుగములో చర్చి ప్రభావముచే యోహానెస్, ఎలిజబెత్, మార్గరెటె, నికొలాస్ వంటి పేర్లు వ్యాపించి, వాడుకలో కురచబడినవి. మన వెంకటేశ్వర్లు వెంకన్న అగునపుడు పేరుకు తోక పోవును. జర్మన్ పేర్లకు తరచు తల పోవును. యోహానెస్ "హాన్స్"గా, నికొలాస్ "క్లౌస్"గా, మార్గరెటె "గ్రెటె"గా మారినవి. గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన కథలోని హాన్సెల్, గ్రెటెల్ ఇట్టి ముద్దుపేర్లే.

2020 తరువాతి జాబితాలలో ముందు వరుసన కనిపించు నోవా హీబ్రూ పేరు, సోఫియా గ్రీకు, ఎమీలియా లాటిన్. ఎమ్మా మాత్రము జర్మానిక్ మూలము గలది.

పేర్లపై ప్రభుత్వ నియంత్రణ

1938 ఆగస్టు 17న నాజీ ప్రభుత్వము ఒక ఉత్తర్వు జారీచేసినది. తాము ఆమోదించిన యూదు పేర్ల పట్టికలో లేని పేరు గల యూదులు, 1939 జనవరి 1 నుండి, పురుషులైన "ఇజ్రాయేల్" అనియు, స్త్రీలైన "సారా" అనియు అదనముగా చేర్చుకొనవలెను. మనిషిని పేరుతోనే వెలివేయుట దీని ఉద్దేశము. విచిత్రమేమనగా, హీబ్రూ మూలముగల హాన్స్, ఎలిజబెత్ ఆ ప్రభుత్వము దృష్టిలో జర్మన్ పేర్లే! "ఉదాత్తమైన తోడేలు" అను అర్థముగల అడాల్ఫ్ అను పాత పేరు 1945 తరువాత దాదాపు కనుమరుగైనది.

జర్మనీలో నేటికీ జనన నమోదు అధికారి ఒక పేరును నిరాకరింపవచ్చును. భారతీయ మూలములుగల ఒక కుటుంబము తమ కుమార్తెకు "కిరణ్" అని పేరు పెట్టగా, అది ఆడపేరో మగపేరో తెలియుట లేదని అధికారి అంగీకరింపలేదు. (తెలుగువారిలో ఇది సాధారణముగా మగపిల్లల పేరే, ఉత్తర భారతములో ఆడపిల్లలకూ పెట్టుదురు.) వివాదము సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానము వరకు వెళ్ళినది. పేరు లింగమును సూచించి తీరవలెనను నియమము చట్టములో లేదనియు, బిడ్డ శ్రేయస్సుకు భంగము కలుగనంతవరకు పేరును ఎన్నుకొను హక్కు తల్లిదండ్రులదే అనియు 2008 డిసెంబరులో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది.